పావగడ తాలూకాలో డేటా ఫైళ్ళు: బ్రౌజర్‌లో అమరిక, పోలిక, భద్రత

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి నియమబద్ధంగా రాసుకునే ఫైళ్ళను నిర్మిత డేటా ఫైళ్ళు అంటారు. సీఎస్‌వీ, ఎక్స్‌ఎంఎల్, జేసన్, యామల్ వీటిలో ముఖ్యమైనవి. ఇలాంటి ఫైలును మనిషి చదవగలిగేలా వరుసలు విడదీసి చూపడం అమరిక. రెండు ప్రతుల్లో ఏది మారిందో తేల్చడం పోలిక. ఈ రెండు పనులూ ఇప్పుడు వెబ్ బ్రౌజర్‌లోనూ విరివిగా జరుగుతున్నాయి. అందువల్ల భద్రత మూడో అంశంగా వచ్చి చేరింది. అమరికలో విలువ చెడకూడదు, పోలికలో అసలు తేడా తప్పిపోకూడదు, ఫైలు వాడుకరి యంత్రం దాటి పోకూడదు. ఈ రంగంలోని పనిముట్లన్నిటినీ ఈ మూడు షరతుల మీదే తూచాలి.

పావగడ నేపథ్యం

కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్న పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం ప్రాంతాలు ఇరుగుపొరుగు. ఇళ్ళలోనూ సంతల్లోనూ తెలుగు బాగా వినిపిస్తుంది, కచేరీ కాగితాలు కన్నడంలో నడుస్తాయి. ఒకే కుటుంబానికి సరిహద్దుకు ఇవతల కొంత, అవతల కొంత భూమి ఉండడం ఇలాంటి చోట వింత కాదు.

ఈ తాలూకాలోనే తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో ‘శక్తిస్థల’ సౌర విద్యుత్ పార్కు ఉంది. కేంద్ర సంస్థ సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, రాష్ట్ర సంస్థ క్రెడల్ కలిసి 2015లో నెలకొల్పిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ దీన్ని చేపట్టింది. 2018 మార్చి 1న పార్కు ప్రారంభమైంది. 2019 డిసెంబరు నాటికి సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. భూమిని రైతుల నుంచి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం.

దీంతో కరువు తాలూకాగా పేరుపడ్డ ఈ ప్రాంతం రెండు రకాల డేటాకు నెలవైంది. మొదటిది భూమి డేటా: సర్వే నంబరు, హిస్సా (సర్వే నంబరులోని ఉపవిభాగం), విస్తీర్ణం, పట్టాదారు, బ్యాంకు ఖాతా, కౌలు మొత్తం. రెండోది కరెంటు డేటా. మన దేశంలో విద్యుత్ గ్రిడ్ లెక్క 15 నిమిషాల బ్లాకుల్లో సాగుతుంది. రోజుకు 96 బ్లాకులు, ఏడాదికి 35,040. ప్రతి బ్లాకుకూ ముందుగా ఇచ్చిన అంచనా ఒకటి, నిజంగా పుట్టిన కరెంటు ఒకటి ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడాను బట్టే జరిమానాలు తేలతాయి. భూమి లెక్కలోనైనా కరెంటు లెక్కలోనైనా ఫైళ్ళు పోల్చే పనికి చివర్లో రూపాయలు ముడిపడి ఉన్నాయి. కింది ఉదాహరణల్లోని పట్టా వివరాలు కల్పితాలు. కొలతలు, నియమాలు, చిక్కులు మాత్రం నిజమైనవి.

ఫైళ్ళ రకాలు

సీఎస్‌వీ వీటిలో పాతది, అన్నిటికంటే సాదాది. ఒక వరుసకు ఒక రికార్డు, గడికీ గడికీ మధ్య కామా. దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా దీని నియమాలను రాసిపెట్టిన పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 4180, 2005లో గానీ రాలేదు. ఏ గడి అంకె, ఏది అక్షరం, ఏది తేదీ అని చెప్పే ఏర్పాటు ఇందులో లేదు. తెరిచిన ప్రోగ్రామే ఊహించుకుంటుంది. చిక్కులన్నీ ఆ ఊహలోంచే పుడతాయి.

ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం సిఫారసుగా వెలువడింది. ప్రతి అంశానికీ తెరిచే గుర్తు, మూసే గుర్తు ఉంటాయి. బరువైనదే అయినా ప్రభుత్వ, బ్యాంకు వ్యవస్థల్లో ఇప్పటికీ విస్తారంగా ఉంది.

జేసన్‌ను 2000ల ఆరంభంలో డగ్లస్ క్రాక్‌ఫోర్డ్ ప్రచారంలోకి తెచ్చాడు. జావాస్క్రిప్ట్ భాషలోని ఒక చిన్న భాగమే దీనికి మూలం. 2006లో మొదటి ఆర్‌ఎఫ్‌సీ, 2013లో ఈసీఎంఏ ప్రమాణం వచ్చాయి. 2017 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8259 ప్రకారం, వ్యవస్థల మధ్య పంచుకునే జేసన్ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే ఉండాలి. పేర్లూ విలువలూ తెలుగులో రాసుకోవడానికి జేసన్ ఏ అడ్డూ చెప్పదు:

{"గ్రామం":"తిరుమణి","సర్వే":"5/2","విస్తీర్ణం":"2-20","ఖాతా":"00451200"}

యామల్ 2001లో పుట్టింది. కుండలీకరణాలు తగ్గించి, వరుస ముందు వదిలే ఖాళీతోనే అంతస్తులు చూపుతుంది. ప్రోగ్రాముల సెట్టింగుల ఫైళ్ళలో దీని వాడకం ఎక్కువ. పటాలకు జేసన్‌లోనే జియోజేసన్ అనే శాఖ ఉంది. 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7946 దానికి ప్రమాణం అయింది.

అమరిక: చూపు మారాలి, విలువ మారకూడదు

పై జేసన్ వరుసను అమరిక పనిముట్టుకు ఇస్తే ఇలా వస్తుంది:

{
  "గ్రామం": "తిరుమణి",
  "సర్వే": "5/2",
  "విస్తీర్ణం": "2-20",
  "ఖాతా": "00451200"
}

పైకి ఇది ఖాళీలు చేర్చడమే. లోపల మాత్రం చాలా పనిముట్లు ఫైలును పూర్తిగా చదివి, జావాస్క్రిప్ట్ విలువలుగా మార్చి, మళ్ళీ కొత్తగా రాస్తాయి. ఈ రాకపోకల్లో నాలుగు చోట్ల విలువ చెడవచ్చు.

మొదటిది పెద్ద సంఖ్యలు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో ఉంటుంది. పూర్ణాంకాలు 9007199254740991 వరకే నమ్మకంగా నిలుస్తాయి. 9007199254740993 అని రాసి ఉన్న ఫైలును సుందరంగా అమర్చి ఇచ్చేసరికి చివరి అంకె 2 అయిపోతుంది. ఎర్ర గుర్తు పడదు, హెచ్చరిక రాదు. 12 అంకెల ఆధార్ సంఖ్యకు ఈ ముప్పు లేదు గానీ, ఆ హద్దు దాటిన ఖాతా, లావాదేవీ సంఖ్యలకు ఉంది. 2020లో జావాస్క్రిప్ట్‌కు బిగ్‌ఇంట్ అనే పెద్ద పూర్ణాంకాల రకం వచ్చినా, జేసన్ చదివే సాధారణ పద్ధతి దాన్ని తనంతట తాను వాడదు.

రెండోది సున్నాలు. 2.20 అన్న సంఖ్య తిరిగి 2.2గా వస్తుంది. గణితంలో రెండూ ఒకటే, రెవెన్యూ లెక్కలో ఒకటి కాకపోవచ్చు. ఇక 00451200 అన్న ఖాతాను కొటేషన్ గుర్తులు లేకుండా రాయడం జేసన్‌లో తప్పు. సీఎస్‌వీలో తప్పు కాదు కాబట్టి స్ప్రెడ్‌షీటు ముందరి సున్నాలను మింగేస్తుంది.

మూడోది ఒకే పేరు రెండుసార్లు రావడం. ఒక రికార్డులో ‘పట్టాదారు’ అన్న పేరు రెండుసార్లు ఉంటే బ్రౌజర్ చివరిదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. ఉమ్మడి పట్టాలో అన్నదమ్ముల్లో ఒకరి పేరు అలా మాయమయ్యే వీలుంది.

నాలుగోది వరుస. పేర్లు అంకెలైతే, ఉదాహరణకు సర్వే నంబర్లనే పేర్లుగా వాడితే, జావాస్క్రిప్ట్ వాటిని చిన్న నుంచి పెద్దకు సర్దేస్తుంది. 112 తర్వాత 87 రాసుకున్న వరుస తలకిందులవుతుంది.

మంచి అమరిక పనిముట్టు విలువల జోలికి పోదు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, మధ్య ఖాళీలను మాత్రమే సర్దుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక: 9007199254740993, 2.20, రెండుసార్లు వచ్చే ఒక పేరు ఉన్న చిన్న ఫైలు రాసి ఇవ్వాలి. మూడూ చెక్కుచెదరకుండా తిరిగొస్తేనే అసలు ఫైలు ఇవ్వాలి.

సర్వే నంబరు తేదీ అయినప్పుడు

పావగడలో పహాణీ అనే భూమి హక్కుల రికార్డులో సర్వే నంబరు, హిస్సా కలిపి 5/2 అని రాస్తారు. సీఎస్‌వీని స్ప్రెడ్‌షీటులో నేరుగా తెరిస్తే ఆ గడి ఫిబ్రవరి 5గానో మే 2గానో మారుతుంది. 112/3 వంటివి తేదీలు కాలేవు కాబట్టి అలాగే మిగులుతాయి. పట్టికలో కొన్ని చెడి, కొన్ని బాగుండడం వల్ల పొరపాటు ఆలస్యంగా బయటపడుతుంది. జన్యు శాస్త్రవేత్తలకూ ఇదే బాధ ఎదురైంది. కొన్ని జన్యువుల సంక్షిప్త నామాలను స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తుండడంతో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020 నాటికి ఆ పేర్లనే మార్చింది. సర్వే నంబర్లను మార్చలేం. అందుకే ఆ గడిని ‘టెక్స్ట్’గా ప్రకటించి దిగుమతి చేసుకోవాలి.

యామల్‌లో ఇలాంటిదే ఇంకో గొయ్యి ఉంది. దాని 1.1 నియమాల ప్రకారం కొటేషన్ గుర్తులు లేని 12:15 అన్న కాలం అరవైల లెక్కలో 735 అనే సంఖ్యగా మారుతుంది. 06:15 సున్నాతో మొదలవుతుంది కాబట్టి అక్షరాలుగానే ఉంటుంది. 15 నిమిషాల బ్లాకుల పట్టికను అలా రాస్తే ఉదయం పది గంటల లోపు కాలాలు అక్షరాలుగా, ఆ తర్వాతివి సంఖ్యలుగా చీలిపోతాయి. 1.2 వెర్షన్ ఈ నియమాన్ని తీసేసింది గానీ పాత రీడర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి.

గుంటలు, సెంట్లు

సరిహద్దు తాలూకాలో అన్నిటికంటే ఖరీదైన తేడా ఏ పనిముట్టుకూ కనబడదు. కర్ణాటకలో భూమిని ఎకరాలు, గుంటల్లో లెక్కిస్తారు, తెలంగాణలోనూ అంతే. 40 గుంటలు ఒక ఎకరా. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాలు, సెంట్లు. 100 సెంట్లు ఒక ఎకరా. గుంట అంటే 121 చదరపు గజాలు, సెంటు 48.4. అంటే ఒక గుంటకు రెండున్నర సెంట్లు.

ఇప్పుడు 2.20 అన్న గడిని చూద్దాం. పావగడ లెక్కలో అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మడకశిర లెక్కలో 2 ఎకరాల 20 సెంట్లు. మొదటి ఏడాది కౌలు రేటు 21,000 రూపాయలతో గుణిస్తే గుంటల లెక్కన 52,500, సెంట్ల లెక్కన 46,200 వస్తుంది. ఒకే గడిలో 6,300 రూపాయల తేడా. రెండు ఫైళ్ళలోనూ 2.20 అనే ఉంటే పోలిక పనిముట్టు ‘తేడా లేదు’ అంటుంది. అక్షరాల వరకూ ఆ మాట నిజమే.

కూడికలోనూ ఇదే చిక్కు. 1.25, 1.25 కలిపితే స్ప్రెడ్‌షీటు 2.50 అంటుంది. గుంటల్లో సరైన జవాబు 3 ఎకరాల 10 గుంటలు. గుంటల లెక్కలో చుక్క తర్వాత 40 లేదా అంతకు మించిన సంఖ్య కనబడితే ఎక్కడో దశాంశాలుగా కూడారని గుర్తుపట్టవచ్చు. విస్తీర్ణాన్ని ఒకే దశాంశ సంఖ్యగా రాయకుండా ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి, కొలమానానికి ఒక గడి పెట్టుకుంటే ఈ సందేహానికి తావుండదు.

కౌలు పెంపులో పైసల సంగతి వేరు. 21,000కు 5 శాతం చొప్పున పెంచితే 22,050, తర్వాత 23,152.50, ఆ తర్వాత 24,310.125. మూడో పెంపులో అర పైసా తేలుతుంది. ఒక ప్రోగ్రాము దాన్ని 24,310.13గా, మరోటి 24,310.12గా సవరిస్తుంది. రెండు ఫైళ్ళు పోల్చినప్పుడు వేల వరుసలు తేడాగా కనిపిస్తాయి. నిజానికి మారింది సవరింపు పద్ధతి ఒక్కటే. అందుకే డబ్బు లెక్కల పోలికలో ఎంత తేడాను పట్టించుకోనక్కర్లేదో ముందే నిర్ణయించుకోవాలి.

రెండు లిపులు, ఒకే రూపం

తెలుగు ‘ర’ పక్కన కన్నడ ‘ర’ పెడితే చాలామంది గుర్తుపట్టలేరు. కంప్యూటర్‌కు అవి పూర్తిగా వేరు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 3072 నుంచి 3199 వరకు, కన్నడ లిపికి 3200 నుంచి 3327 వరకు స్థానాలు కేటాయించారు. తెలుగు ‘ర’ 3120, కన్నడ ‘ర’ 3248. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో అన్ని భారతీయ లిపుల్లోని ‘ర’కూ ఒకే సంకేతం ఉండేది. యూనికోడ్ లిపులను విడదీసినా ఇస్కీ వరుసనే పాటించింది. కాబట్టి తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే చాలావరకు దాని కన్నడ జోడు వస్తుంది. కొన్ని అక్షరాలకు మాత్రం ఎదుటి లిపిలో జోడు లేదు.

పహాణీ నుంచి వచ్చిన కన్నడ పేర్ల పట్టికను, తెలుగులో రాసుకున్న పేర్ల పట్టికతో నేరుగా పోలిస్తే ఒక్క పేరూ కలవదు. ముందు ఒక లిపిలోకి మార్చుకోవాలి. మార్చాక కూడా ‘ఆంజనేయులు’, ‘ఆంజినేయులు’ వేరువేరుగానే ఉంటాయి. ఇలాంటి చోట పనిముట్టు ‘ఇవి ఒకరే కావచ్చు’ అని చూపడం వరకే పరిమితం కావాలి. తనంతట తానే కలిపేస్తే ఒకరి కౌలు మరొకరి ఖాతాలో పడుతుంది.

ఒకే లిపిలో కూడా దాగి ఉండే తేడాలున్నాయి. తెలుగు ఐత్వాన్ని ఒకే గుర్తుగా నిల్వ చేయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండుగానూ నిల్వ చేయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. కన్నడంలో దీర్ఘపు గుర్తులు కొన్నిటికీ ఇలాంటి రెండు రూపాలున్నాయి. యూనికోడ్ ‘నార్మలైజేషన్’ వీటిని ఒకటి చేస్తుంది. బ్రౌజర్ల జావాస్క్రిప్ట్‌లో 2015 ప్రమాణం నుంచి ఆ సౌకర్యం ఉంది. కంటికి కనబడని సున్నా వెడల్పు గుర్తులు, పదం చివర మిగిలిన ఖాళీ కూడా ఇలాంటి దొంగ తేడాలే. మంచి పోలిక పనిముట్టు వాటిని రంగు వేసి బయటపెడుతుంది.

పాత ఫైళ్ళతో ఇంకో బెడద ఉంది. యూనికోడ్‌కు ముందు కన్నడంలో నుడి, తెలుగులో అను వంటి ఫాంట్లతో టైపు చేసినవి లోపల ఇంగ్లిషు అక్షరాలే. ఫాంటు లేని చోట తెరిస్తే గజిబిజిగా కనిపిస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకుంటేనే పోల్చడం కుదురుతుంది.

పేర్లు మారిన ఊళ్ళు, దారి తప్పిన పటాలు

2014 నవంబరు 1న తుమ్కూరు అధికారికంగా తుమకూరు అయింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల విభజన జరిగి మడకశిర, పెనుకొండ, హిందూపురం అనంతపురం జిల్లా నుంచి కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. పాత, కొత్త ఫైళ్ళను జిల్లా పేరుతో జత చేస్తే ఊళ్ళకు ఊళ్ళే ‘తొలగినవి’, ‘చేరినవి’గా కనిపిస్తాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి గ్రామానికీ ఒక సంకేత సంఖ్య ఇస్తుంది. పేరు పక్కన ఆ సంఖ్య కూడా ఉంచుకుంటే జత సరిగ్గా కుదురుతుంది.

పటాల ఫైళ్ళలో తప్పు ఇంకా వింతగా బయటపడుతుంది. పావగడ సుమారు 14.10 ఉత్తర అక్షాంశం, 77.28 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన అలవాటు అక్షాంశం ముందు చెప్పడం. జియోజేసన్ నియమం రేఖాంశం ముందు రాయడం. తారుమారైతే పావగడ పొలం ఆర్కిటిక్ మహాసముద్రంలో స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. రెండు సంఖ్యలూ చెల్లుబాటయ్యేవే కాబట్టి అమరిక పనిముట్టు తప్పు పట్టదు. పటం మీద వేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

కాలం లెక్కకు సూర్యుడే సాక్షి

సౌర విద్యుత్ ఫైళ్ళ పోలికలో ఎక్కువగా ఎదురయ్యేది కాలం జరగడం. మొదటి బ్లాకు అర్ధరాత్రి 00:00 నుంచి 00:15 వరకు. ఒక వ్యవస్థ దానికి మొదలయ్యే కాలాన్ని, మరోటి ముగిసే కాలాన్ని గుర్తుగా పెడుతుంది. ఆ సంగతి తెలియకుండా పోలిస్తే ఎండ ఉన్న ప్రతి బ్లాకులోనూ తేడా కనిపిస్తుంది. ఇక ఫైలు భారత కాలంలో ఉందా, ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉందా అన్నది మరో ప్రశ్న. రెంటి మధ్య తేడా ఐదున్నర గంటలు.

దీనికి పావగడలోనే ఒక సహజ పరీక్ష ఉంది. భారత కాలానికి ఆధారమైన రేఖాంశం 82.5 డిగ్రీలు, పావగడ దానికి 5 డిగ్రీల చిల్లర పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున మధ్యాహ్నం 12:21 ప్రాంతంలో. మబ్బులేని రోజు ఉత్పత్తి ఆ వేళ చుట్టూ ఇరువైపులా సమంగా పెరిగి తగ్గాలి. ఆ మధ్య బిందువు 6:50 దగ్గర కనిపిస్తే ఫైలు ప్రపంచ కాలంలో ఉన్నట్టే.

పోలిక పద్ధతులు

కంప్యూటర్‌లో ఫైళ్ళను పోల్చే ‘డిఫ్’ అనే ఆదేశం 1970ల తొలి సగంలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం పుట్టింది. డగ్లస్ మెక్‌ల్రాయ్, జేమ్స్ హంట్ 1976లో దాని పద్ధతిని ప్రకటించారు. 1986లో యూజీన్ మయర్స్ ఇచ్చిన మెరుగైన పద్ధతి ప్రోగ్రాముల మార్పులను నమోదు చేసే గిట్ వంటి వ్యవస్థలకు నేటికీ పునాది. రెండు ఫైళ్ళకూ ఉమ్మడిగా ఉన్న అతి పొడవైన వరుసక్రమాన్ని కనుక్కుని, మిగిలినవాటిని చేర్పులుగా, తొలగింపులుగా చూపడం వీటి సారం.

ఇది వరుసల పోలిక. జేసన్ విషయంలో ఇది తప్పుదారి పట్టిస్తుంది. ‘గ్రామం’ ముందు వచ్చి ‘సర్వే’ తర్వాత వచ్చినా, అటూ ఇటూ అయినా, జేసన్ అర్థం మారదు. జాబితాలో అంశాల వరుస మారితే మాత్రం అర్థం మారినట్టే. అందుకే నిర్మాణం తెలిసిన పోలిక అవసరం: పేరుకు పేరు జతచేసి విలువలను పోల్చడం. రికార్డుల జాబితాలో స్థానాన్ని బట్టి కాకుండా గ్రామ సంకేతం, సర్వే నంబరు, హిస్సా మూడూ కలిసిన తాళంచెవితో జతచేయాలి. లేకపోతే మొదట్లో ఒక్క కొత్త రైతు చేరినా కిందివన్నీ మారినట్టు కనిపిస్తాయి.

తేడాలను రాసే భాషకూ ప్రమాణాలున్నాయి. 2013 నాటి జేసన్ ప్యాచ్‌లో చేర్చు, తీసివేయి, మార్చు, తరలించు, నకలు చేయి, పరీక్షించు అనే ఆరు చర్యలున్నాయి. 2014 నాటి జేసన్ మెర్జ్ ప్యాచ్ ఇంకా సులువు. కానీ అందులో శూన్య విలువకు అర్థం ‘తీసివేయి’ కాబట్టి, నిజంగా శూన్యాన్ని నమోదు చేయడం కుదరదు. ఫైలు చెక్కుచెదరలేదని నిరూపించడానికి, ఫైలు మొత్తం నుంచి లెక్కకట్టే ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను బ్రౌజరే లెక్కించగలదు. ఒక్క ఖాళీ మారినా ముద్ర మారుతుంది. అందుకే 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8785, ముద్ర వేయడానికి ముందు జేసన్‌ను ఒకే నిర్దిష్ట రూపంలోకి తెచ్చే పద్ధతిని నిర్దేశించింది.

బ్రౌజర్‌లో భద్రత

ఫైలును వెబ్ పేజీలోకి లాగి వదిలినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. బ్రౌజర్లలోని ఫైల్ ఏపీఐ ద్వారా పేజీ దాన్ని వాడుకరి యంత్రంలోనే చదవగలదు, అక్కడే అమర్చగలదు, పోల్చగలదు. అదే పేజీ ఆ ఫైలును తన సర్వర్‌కు పంపగలదు కూడా. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

2025 నవంబరులో వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధన సంస్థ ఈ తేడా ఎంత ప్రమాదమో చూపింది. విస్తృతంగా వాడుకలో ఉన్న రెండు అమరిక సైట్లలో జనం ‘సేవ్’ నొక్కి లింకుగా మార్చుకున్న 80,000 పైచిలుకు ఫైళ్ళు ఎవరికైనా అందేలా పడి ఉన్నాయి. వాటిలో పాస్‌వర్డులు, రహస్య కీలు, వ్యక్తిగత వివరాలు దొరికాయి. వాటిని ఎవరూ దొంగిలించి అక్కడ పెట్టలేదు, సొంతదార్లే చేతులారా అతికించారు.

పనిముట్టు నమ్మదగినదో కాదో తేల్చుకునే పరీక్షలు కష్టమైనవి కావు. పేజీ తెరిచాక ఇంటర్నెట్ ఆపేసి నమూనా ఫైలు ఇవ్వాలి. పని జరగకపోతే అది సర్వర్ మీద ఆధారపడుతోందన్నమాట. జరిగితే, ఇంటర్నెట్ మళ్ళీ పెట్టి డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ పట్టీలో ఏదైనా బయటికి పోతోందేమో చూడాలి. పేజీ తయారుచేసేవారు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే నిబంధనతో బయటి సంబంధాలను చాలావరకు మూసేయవచ్చు. అప్పుడు బయటికి పంపే ప్రయత్నాలను బ్రౌజరే అడ్డుకుంటుంది.

పేజీ మంచిదైనా ఇతర దారులున్నాయి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు చాలావరకు పేజీలోని ప్రతి అక్షరాన్నీ చదవగలవు. కాబట్టి ఇలాంటి పనికి అవేవీ లేని ప్రొఫైల్ వాడాలి. ఊరి సేవా కేంద్రంలోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో పలువురు వాడే కంప్యూటర్లో డౌన్‌లోడ్ ఫోల్డరే పెద్ద కన్నం.

ఫైలు కూడా హాని చేయగలదు. పేరు గడిలో పేరు బదులు ప్రోగ్రామ్ ముక్క ఉంటే, దాన్ని అక్షరాలుగా కాక పేజీ భాగంగా చూపే పనిముట్టు ఆ ముక్కను నడిపేస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక పేరును మరో పేరుతో గుణించుకుంటూ పోయే దాడి ఉంది: పదిపదిగా పెరిగే కొన్ని వరుసల ఫైలు విప్పితే వంద కోట్ల పదాలై యంత్రాన్ని నిలిపేస్తుంది. సీఎస్‌వీలో సమాన గుర్తుతో మొదలైన గడిని స్ప్రెడ్‌షీటు సూత్రంగా భావించి అమలు చేస్తుంది. జేసన్‌ను ప్రోగ్రాముగా నడిపించి చదివే పాత అలవాటుకు 2009 ప్రమాణంలో వచ్చిన ప్రత్యేక రీడర్ ముగింపు పలికింది. ఇప్పటికీ పాత పద్ధతిలో చదివే పనిముట్టును వాడకూడదు.

చట్టం

రైతు పేరు, ఖాతా సంఖ్య, ఫోన్ నంబరు ఉన్న ఫైలు డిజిటల్ వ్యక్తిగత డేటా కిందికి వస్తుంది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమలవుతాయి. డేటాను సేకరించి వాడే సంస్థ తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలుంది. ఫైలును ముక్కూమొహం తెలియని సైటులో అతికించడం ‘తగిన జాగ్రత్త’ అనిపించుకోవడం కష్టం. పోలికకు అవసరం లేని గడులను ముందే తీసేయడం, ఆధార్‌లో చివరి 4 అంకెలు తప్ప మిగతావి కప్పేయడం కనీస పద్ధతి.

పని క్రమం

అనుభవజ్ఞులు పాటించే క్రమం ఇది:

1. అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను రాసుకోవాలి. పని నకలు మీదే జరగాలి.
2. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని, లిపి ఏదని ఖాయం చేసుకుని, యూనికోడ్ నార్మలైజేషన్ జరపాలి.
3. ఖాతా, సర్వే నంబరు, సంకేతాలు అన్నిటినీ అక్షరాలుగా ప్రకటించాలి. లెక్కకు వచ్చేవే సంఖ్యలు.
4. విస్తీర్ణానికి గుంటలా సెంట్లా, కాలానికి ఏ ప్రమాణం, పటానికి ఏది ముందు అన్నవి ఫైలులోనే రాసి ఉండాలి.
5. జత కుదిర్చే తాళంచెవి ఎంచుకుని, ఇంటర్నెట్ ఆపి పోలిక నడపాలి.
6. తేడాల నివేదికలో వరుసల సంఖ్య, విస్తీర్ణం మొత్తం, రూపాయల మొత్తం రెండు వైపులా సరిచూడాలి.

పరిమితులు

కర్ణాటక ‘భూమి’ పథకం కింద 2000ల ఆరంభంలోనే తాలూకా కేంద్రాల్లో పహాణీలను కంప్యూటర్ మీద ఇవ్వడం మొదలైంది. రాష్ట్రమంతటా సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల రికార్డులను అందులోకి ఎక్కించారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘మీభూమి’ 2015లో వచ్చింది. డేటా కంప్యూటర్‌లో ఉంది కాబట్టి అది సరైనదే అన్న భావన దీనితో బలపడింది. రెండు ఫైళ్ళూ ఒకే పాత తప్పును మోస్తుంటే ఏ పోలికా దాన్ని పట్టలేదు. చక్కగా అమరిన ఫైలు చక్కగా అమరిందనే చెబుతుంది, నిజమని చెప్పదు.

అందువల్ల పనిముట్టు చూపిన ప్రతి తేడానూ, ముఖ్యంగా విస్తీర్ణం, పేరు, ఖాతా మూడింటిలో వచ్చినవాటిని, మూల పహాణీతోనూ ఒప్పంద పత్రంతోనూ సరిచూశాకే సవరించాలి. కౌలు జాబితాలో తమ గడి 2.20 అని కనిపించిన రైతులు, అది గుంటలా సెంట్లా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.